నాలుగో ప్రశ్న

జూన్ 3

వదినకు,

పార్సిల్ నిన్న మధ్యాహ్నం అందింది. ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక ఆఫీసులోనే విప్పేశాను. బూట్లు రెండూ బల్ల మీద పెడితే పక్క సీటావిడ "రంగు బాగుంది, ఎక్కడ కొన్నారు?" అంది తప్ప, ఎడమదాని అడుగు ఎందుకంత మందంగా ఉందని అడగలేదు. అంటే ఆవిడకు కనబడనే లేదన్నమాట. నా ఎడమకాలు కుడికాలి కంటే రెండు వేళ్ళ మందం పొట్టి అని చెప్తే తప్ప తెలియదు ఎవరికీ. ఆ పొట్టితనమంతా అన్నయ్య ఆ అడుగులో దాచేశాడు.

వయసు మీదపడేకొద్దీ అన్నయ్య పనితనం పెరుగుతోంది వదినా. ఇదివరకటి జతలు మొదటి నెల చిటికెనవేలి దగ్గర కరిచేవి. అన్నయ్య బాధపడతాడని చెప్పేదాన్ని కాదు. ఈ ఏడేళ్ళుగా ఒక్క జత కూడా కరవలేదు. ఈ పేరా అన్నయ్యకు చదివి వినిపించు. వచ్చే ఏటి జతకు ఎప్పటిలాగే గది తలుపేసుకుని పాదాలు రెండూ కాగితం మీద పెన్సిలుతో గీసుకుని అన్నయ్య పేరున పంపుతాను.

ఇక అసలు సంగతి. మన బూట్ల దుకాణానికి రోగుల్ని పంపే ఎముకల డాక్టరు రిటైరయ్యాడని, కొత్తవాళ్ళు రావడం బాగా తగ్గిందని పోయిన ఉత్తరంలో రెండే రెండు లైన్లు రాసి, ఆపైన పేజీన్నర నీళ్ళ పైపు రిపేరు గురించి రాశావు. నాకు పైపు గుర్తులేదు, ఆ రెండు లైన్లే గుర్తున్నాయి. దుకాణానికి వెబ్‌సైట్ పెట్టాలి. డాక్టరు చేసిన పని ఇకమీదట అది చేస్తుంది.

అయితే డిజైనర్‌ను పిలిచే ముందు మనం సిద్ధం కావాలి. మా పంపుసెట్ల కంపెనీలో ఏం జరిగిందో విను. మేనేజరు ఎవరినో పిలిచి "మంచిది ఒకటి చేసిపెట్టవయ్యా" అన్నాడు. ఏం కావాలో ఈయన చెప్పలేదు, ఆయన అడగలేదు. మొదటి పేజీ తెరిస్తే నీళ్ళు దూకుతుంటాయి. ఎంత చక్కగా దూకుతాయో! పంపు చెడిపోయినవాడు మాత్రం మా ఫోన్ నంబరు కోసం పావుగంట వెతుక్కోవాలి. పైగా ఆ వెబ్‌సైట్ చిరునామా డిజైనర్ తన పేరుమీదే తీసుకున్నాడు. ఇప్పుడు ఒక్క అక్షరం మార్చాలన్నా అతన్ని బతిమాలాలి. ఆ బతిమాలే పని నాకు అప్పజెప్పారు కాబట్టి ఈ విషయంలో నేను పండిపోయాను.

అందుకని ఆరు ప్రశ్నలు రాస్తున్నాను. నువ్వే కూర్చుని జవాబులు రాయి. ఒకటి, మన వెబ్‌సైట్ చూసేది ఎవరు? రెండు, చూశాక వాళ్ళు ఏం చేయాలి? మూడు, ఇంకో చెప్పుల దుకాణంలో లేనిది మన దగ్గర ఏముంది? నాలుగు, పని ఎవరు చేస్తారు, వాళ్ళ గురించి పదిమాటలు. అయిదు, ఫోటోలు ఏమున్నాయి? ఆరు, రేపు ఏదైనా మార్చాలంటే ఎవరు మారుస్తారు? ఫోన్లో చెప్తానంటే కుదరదు. ఫోన్లో నువ్వు ఊఁ, ఆఁ అని తప్పించుకుంటావు. కాగితం మీద తప్పించుకోలేవు.

నీ ఆడపడుచు,
పిచ్చుక


జూన్ 14

పిచ్చుకమ్మకు,

నువ్వు చదవమన్న పేరా మీ అన్నయ్యకు చదివాను. విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

పైపు మళ్ళీ కారుతోంది. నీకు అక్కర్లేదుగా, వదిలేస్తాను.

నీ ప్రశ్నలు పరీక్ష పేపరులా ఉన్నాయి. అయినా రాస్తున్నాను. చూసేది ఎవరంటే, షుగరు వచ్చి పాదాలకు స్పర్శ తగ్గినవాళ్ళు, కాలు విరిగి అతుక్కున్నాక పొట్టి అయినవాళ్ళు, నీలాగా చిన్నప్పటి నుంచీ ఉన్నవాళ్ళు. వీళ్ళందరికంటే ముందు, పిల్లవాడి నడక చూసి బెంబేలెత్తిన తల్లులు. అలాంటి తల్లి చంకలో బిడ్డ ఉంటుంది, ఇంకో చేతిలో ఫోన్ ఉంటుంది. కాబట్టి అక్షరాలు పెద్దవిగా ఉండాలి, ఏదీ కదలకూడదు. మీ నీళ్ళు మీ దగ్గరే దూకనివ్వు.

చూశాక వాళ్ళు ఫోన్ చేయాలి. అంతే. అక్కడికక్కడే డబ్బు కట్టి కొనుక్కునే ఏర్పాటు వద్దు. మనిషిని చూడకుండా బూటు చేసేది మేము నీకొక్కదానికే.

మూడోదానికి ఎక్కువ రాయాలి. మన దగ్గర అచ్చులున్నాయి. ఒకసారి వచ్చినవాళ్ళ రెండు పాదాలకూ చెక్క అచ్చులు చెక్కి, వెనక గోడకున్న అరల్లో పెడతాం. మళ్ళీ వచ్చినప్పుడు కొలతలు తీసుకోనక్కర్లేదు, మారినంత మేర తోలు ముక్క అతికిస్తే చాలు. మొన్న లెక్కపెట్టాను, నాలుగు వందల పన్నెండు జతలు. పోయినవాళ్ళవి కూడా ఉన్నాయి. మీ అన్నయ్య తీయనివ్వరు. ఇంకొకటి, మన తలుపు నుంచి బల్లదాకా పదకొండు అడుగులు. మనిషి ఆ పదకొండు అడుగులు నడిచి వచ్చేలోగా బూటు ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో మీ అన్నయ్యకు తెలిసిపోతుంది. ఆయన చూపు లాంటిది ఇంకో దుకాణంలో లేదు. ఇది నేను మొగుడని అనడం లేదు.

ఫోటోలు మూడున్నాయి. ఒకదాంట్లో మీ అన్నయ్య కళ్ళు మూసుకున్నారు, ఒకదాంట్లో దుకాణం కంటే కరెంటు స్తంభం బాగా పడింది. మూడోది మా పెళ్ళినాటిది. మార్పులు చేయాల్సి వస్తే నేను నేర్చుకుని చేస్తాను.

పక్క వీధి కళ్ళద్దాల దుకాణంవాళ్ళ వెబ్‌సైట్ కూడా చూశాను. అందులో నవ్వుతున్నవాళ్ళెవరూ మా వీధిలో ఎప్పుడూ కనబడలేదు. మనకు అలాంటి నవ్వులు వద్దు.

వదిన


జూన్ 22

వదినకు,

నువ్వు డాక్టరువో ప్లీడరువో కావాల్సినదానివి. చంకలో బిడ్డ సంగతి చదివి మా ఆయన "మీ వదినను మీ కంపెనీలో వేసుకోమను" అన్నాడు. కానీ ఆరు ప్రశ్నలకు అయిదే జవాబులు వచ్చాయి. నాలుగోది మర్చిపోయావు. ఫరవాలేదు, దానికి జవాబు నీకంటే నాకే బాగా తెలుసు. కింద రాస్తున్నాను.

ముందు డిజైనర్ సంగతి. ముగ్గురిని అడిగాను. మొదటాయన ఏమీ వినకుండానే నాలుగు రోజుల్లో ఇచ్చేస్తానన్నాడు. రెండో ఆయన బూట్లు బుట్టలో వేసుకుని కొనుక్కునే పద్ధతే కావాలంటాడు, వద్దంటే వినడు. మూడో ఆమె చిన్న వయసు పిల్ల. నేను చెప్పిందంతా విని "మేడమ్, మీ దుకాణానికి మెట్లున్నాయా? కాళ్ళు బాగాలేనివాళ్ళు కదా వచ్చేది, ఎలా ఎక్కాలో ముందే చెప్పాలి" అంది. మెట్లు రెండున్నాయని, కుడిపక్క పట్టుకోవడానికి ఇనుప కడ్డీ ఉందని చెప్పాను. ఆమె ఇదివరకు పని చేసిపెట్టిన ముగ్గురికి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఒకాయన "సమయానికి ఇస్తుంది, కానీ ప్రశ్నలతో ప్రాణం తీస్తుంది" అన్నాడు. ఇంకేం, మనకు కావాల్సింది ఆమే. వెబ్‌సైట్ చిరునామా మన పేరుమీదే ఉండాలని, తాళాలన్నీ మన దగ్గరే ఉండాలని రాయించుకున్నాను.

ఆమె అడిగింది ఒక్కటే. పని చేస్తున్న చేతుల వీడియో ముప్పై సెకన్లు. తనే దుకాణానికి వచ్చి తీసుకుంటుందట. అదే మొదటి పేజీ.

ఇప్పుడు నాలుగో జవాబు. "మా అన్నయ్యకు పదిహేనేళ్ళు, నాకు తొమ్మిది. బడిలో అందరూ నా నడక చూసి నవ్వుతున్నారని ఏడుస్తూ ఇంటికొచ్చాను. అన్నయ్య పాత సైకిల్ టైరు కోసి, ముక్కలు మూడు పొరలుగా అతికించి నా ఎడమచెప్పు కింద కుట్టాడు. మర్నాడు బడికి నిటారుగా నడిచి వెళ్ళాను. ఈ దుకాణం అక్కడ మొదలైంది. ఈనాటికీ ఇక్కడ ప్రతి కుట్టూ ఆ చేతులే కుడతాయి." ఎలా ఉంది? రాస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి. అన్నయ్యకు అప్పుడే చెప్పకు. వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

పిచ్చుక


జూలై 2

పిచ్చుకమ్మకు,

నీ రాత బాగుంది. టైరు ముక్కల దాకా బాగుంది.

ఆ పిల్లనే పెట్టుకుందాం. మెట్ల గురించి అడిగిందంటే బుర్ర ఉన్నట్టే. కానీ వీడియో వద్దు. దుకాణంలో వెలుతురు చాలదు. దానికి బదులు అచ్చుల గోడ ఫోటో పెడదాం. నాలుగు వందల జతల పాదాలు ఒకేచోట చూస్తే ఎవరైనా ఒక నిమిషం ఆగుతారు.

నాలుగో ప్రశ్న నేను మర్చిపోలేదు. దానికి జవాబు: ఇద్దరం. "ప్రతి కుట్టూ ఆ చేతులే" అన్న చివరి వాక్యం తీసేసి ఆ ఒక్క మాట పెట్టు. ఇద్దరి పేర్లూ వేస్తే చాలు, పదిమాటలు అక్కర్లేదు.

ఇంకో విషయం గుర్తొచ్చింది. ఒకసారి వచ్చి చూపించుకుని, దూరం వల్ల మళ్ళీ రాలేనివాళ్ళు పాదాల గీతలు పంపుతామంటే ఎలా పంపాలో ఒక పేజీలో రాయాలి. ఇలా రాయి. కాగితం గట్టి నేల మీద పెట్టాలి. రెండు కాళ్ళ మీదా సమంగా బరువు మోపి నిటారుగా నిలబడాలి. పెన్సిలు నిలువుగా పట్టుకుని ఇంకొకరు గీయాలి. ఎవరి పాదం వాళ్ళు గీసుకోకూడదు. వంగి గీసుకుంటే బరువంతా ఒక కాలి మీదకు పోయి రెండో పాదం సన్నగా పడుతుంది, బూటు చిటికెనవేలి దగ్గర కరుస్తుంది. మధ్యాహ్నం తర్వాత గీయాలి. పొద్దున్నే పాదాలు చిన్నవిగా ఉంటాయి.

మీ ఆయన్ను అడిగానని చెప్పు. నన్ను మీ కంపెనీలో వేసుకుంటే మొదట ఆ నీళ్ళు ఆపిస్తాను.

వదిన


జూలై 9

వదినకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవడానికి మనసొప్పలేదు.

"ఇద్దరం" అని రాశావు. నువ్వు కష్టపడవని నేననను. దుకాణం ఊడుస్తావు, దారానికి మైనం పూస్తావు, పార్సిళ్ళు కడతావు, వచ్చినవాళ్ళతో మాట్లాడతావు. నువ్వు లేకపోతే అన్నయ్యకు పూట గడవదని నాకు తెలుసు. కానీ చేయి సాయం వేరు, చేతిపని వేరు. మైనం పూసినవాళ్ళంతా కుట్టినవాళ్ళు అయిపోతే మా ఆఫీసు ప్యూను కూడా పంపులు తయారు చేసినట్టే.

ముప్పై ఏళ్ళ పేరు అది. సైకిల్ టైరు కోసిననాడు అన్నయ్య నా తల మీద చెయ్యి పెట్టి "నేను బతికున్నంతకాలం నీ కాళ్ళకు నేనే చేస్తానే పిచ్చుకా" అన్నాడు. నేను గెంతుతూ నడుస్తానని అందరూ వెక్కిరిస్తూ పెట్టిన పేరును ముద్దుపేరుగా మార్చింది కూడా అన్నయ్యే. నాకిచ్చిన మాట ఈనాటిదాకా తప్పలేదు. అది ఇద్దరికి పంచడానికి నేను ఒప్పుకోను. వీడియో ఎందుకు వద్దంటున్నావో కూడా అర్థం కాలేదు. వెలుతురు చాలకపోతే లైటు పెట్టుకుంటారు. అన్నయ్య ఒక్కడూ కనబడటం నీకు నచ్చడం లేదా?

అన్నయ్యకే ఫోన్ చేశాను. అడిగితే "మీ వదిన ఎలా చెప్తే అలా చెయ్యమ్మా" అని గబగబా పెట్టేశాడు. మా అన్నయ్య ఇలా మాట్లాడే మనిషి కాదు. అన్నయ్యకు అక్కడ మాట చెల్లుతోందా లేదా అని బెంగగా ఉంది.

నేను రాసింది రాసినట్టే డిజైనర్‌కు పంపేశాను. నాలుగో ప్రశ్నకు ఎదురుగా అన్నయ్య పేరు ఒక్కటే రాశాను. బుధవారం ఇరవై మూడున వీడియో తీయడానికి వస్తుంది. పాదాల గీతల పేజీ మాత్రం బాగుంది, దాన్ని పంపాను.

పిచ్చుక


జూలై 15

పిచ్చుకమ్మకు,

ఉత్తరం అందింది. మీ అన్నయ్యకు ఇది చదివి వినిపించలేదు.

చేయి సాయం అన్న మాట నాకు గట్టిగా తగిలింది. తగల్లేదని రాస్తే అబద్ధమవుతుంది. జవాబు చెప్పగలను, కానీ చెప్పకూడదు. నీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు.

నువ్వు పంపింది పంపినట్టే ఉండనీ. ఆ పిల్లను రమ్మను. పదింటికి వస్తే జనం పలచగా ఉంటారు. కడ్డీకి రంగు వేయించాను, పట్టుకోవద్దని చెప్పు. వెబ్‌సైట్ చిరునామా మీ అన్నయ్య పేరుమీదే తీసుకోండి.

పైపు బాగైంది.

వదిన


జూలై 26

పిచ్చుకమ్మకు,

ఇది పెద్ద ఉత్తరం. తీరిగ్గా కూర్చుని చదువు.

బుధవారం ఆ పిల్ల వచ్చింది. వచ్చీరాగానే ఫోన్ బయటికి తీయలేదు. ఓ మూల స్టూలు వేసుకుని గంటసేపు ఊరికే కూర్చుంది. ఆ గంటలో ఒక ముసలావిడ వచ్చింది. ఆవిడ తలుపు దగ్గర నుంచి నడిచి వస్తుంటే మీ అన్నయ్య "కుడి తుంటి నొప్పి పెడుతోందా? పోయినసారి పెట్టిన ఎత్తు చాలడం లేదు, ఇంకో అరవేలు వేద్దాం" అన్నారు. ఆవిడ బల్ల దగ్గరికి ఇంకా చేరనే లేదు. ఆ పిల్ల నోరు తెరుచుకుని చూసింది.

తర్వాత బల్ల మీద ఫోన్ నిలబెట్టి "సార్, మీరు మామూలుగా పని చేసుకోండి, ముప్పై సెకన్లు చాలు" అంది. మీ అన్నయ్య పీట మీద కూర్చున్నారు. తోలుకు బెజ్జం వేసే ఆరె చేతిలోకి తీసుకున్నారు. నేను పక్కనే నిలబడ్డాను. బెజ్జం వేయాలంటే ఆరె మొన తోలు మీద ఒక్కచోట ఆగాలి. అది ఆగలేదు. టకటకా మూడుచోట్ల తగిలింది. ఆయన నవ్వి "పొద్దున టీ తాగలేదు" అన్నారు. రెండోసారి మొన జారి ఎడమ బొటనవేలిలో దిగింది. నేను గుడ్డ తీసుకుని పరుగెత్తాను. ఆ పిల్ల అడక్కుండానే ఫోన్ ఆపేసి నేల చూపులు చూస్తూ కూర్చుంది.

మీ అన్నయ్య లేచి, పీట నావైపు జరిపి "నువ్వు కూర్చో" అన్నారు.

"ఏమండీ..." అన్నాను.

"పిచ్చుకకు మాట ఇచ్చింది నేను. నీ చేత దాపించిందీ నేనే. ఇంక చాలు. కూర్చో, కుట్టు."

కూర్చున్నాను. ఫోన్ ఉందన్న సంగతి మర్చిపోయి ముసలావిడ బూటు పక్క కుట్టు మొత్తం పూర్తి చేశాను.

ఆయన ఆ మాట అనేశారు కాబట్టి ఇప్పుడు నీకు చెప్పొచ్చు. ఏడేళ్ళ కిందట మీ అన్నయ్య కుడిచేయి వణకడం మొదలైంది. ముందు సంతకం దగ్గర, తర్వాత గ్లాసు దగ్గర, ఆ తర్వాత ఆరె దగ్గర. నరాల జబ్బు అన్నారు డాక్టర్లు. మందులు వాడుతున్నాం, ముదరకుండా ఆగుతుంది కానీ పోదట. అప్పుడు బల్ల మీద నీ పాదాల గీతలున్నాయి. నీ జత కోసం ఆయన మూడుసార్లు తోలు కోశారు, మూడుసార్లూ పాడైంది. నాలుగోసారి కత్తి నేను తీసుకున్నాను. అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఆ బల్లకు ఇవతలి పక్క కూర్చుని చూస్తున్నదాన్నే, అడపాదడపా కుట్టినదాన్నే. జత పూర్తయ్యాక ఆయన లోపల బొటనవేలు పెట్టి అంతా తడిమి చూసి "పంపు" అన్నారు. ఆ వెంటనే "పిచ్చుకకు మాత్రం తెలియకూడదు" అన్నారు. సరేనన్నాను. అప్పటి నుంచి ఆ అరల్లోకి చేరిన ప్రతి అచ్చూ, నువ్వు వేసుకున్న ప్రతి జతా నేను చేసినవే.

రెండేళ్ళ కిందట నువ్వు వచ్చినప్పుడు ఉన్న రెండు రోజులూ దుకాణం మూసేశాం, గుర్తుందా? నీ కోసం సెలవు పెట్టామని మురిసిపోయావు. ఆయన టీ గ్లాసు సగమే పోయించుకున్నారు. తొణుకుతుందని.

చిటికెనవేలు కరవకపోవడంలో గొప్ప పనితనమేమీ లేదు. నీ గీతలు చూశాను. ఎడమ పాదం సన్నగా, చిటికెనవేలి దగ్గర గీత లోపలికి వాలి ఉంది. ఎవరో వంగి గీసుకున్న గీత అది. ఎవరికీ పాదం చూపించవు కదా, నువ్వే గీసుకుంటున్నావని తెలిసింది. అక్కడ అరగోరు మందం కలిపాను. ఏటా కలుపుతూనే ఉన్నాను.

నీ మెచ్చుకోలు చదివి వినిపించినప్పుడల్లా ఆయన కళ్ళజోడు తుడుచుకునేవారు, నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. అది సంతోషమో ఉక్రోషమో నాకే తెలిసేది కాదు. మొన్నటి ఉత్తరానికి మాత్రం ఉక్రోషమే వచ్చింది. పేరు కోసం పాకులాడే మనిషిని కాను. కానీ ఎవరో ఒక్కరైనా, నువ్వైనా, ఇది నువ్వు చేశావా అని అడిగితే బాగుండునని ఏడేళ్ళూ అనిపించింది.

మీ అన్నయ్య మీద కోపం తెచ్చుకోకు. ఆ పదకొండు అడుగులు ఆయన చూడకపోతే నేను చక్కగా కుట్టిన పనికిరాని బూట్లు చేస్తాను. అందుకే "ఇద్దరం" అన్నాను. అందులో ఒక్క అక్షరం కూడా ఎక్కువ రాయలేదు.

వదిన


ఆగస్టు 4

వదినా,

ఏమని మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చించాను. అయిదోదాంట్లో ఇలా మొదలుపెడుతున్నాను. తప్పు నాది. ఆ తొమ్మిదో తారీకు ఉత్తరం చించెయ్. చించడం ఇష్టం లేకపోతే దాచిపెట్టుకుని, నేను వచ్చినప్పుడల్లా చదివి వినిపించు.

అన్నయ్యకు ఫోన్ చేశాను. ఎత్తగానే "కోపమొచ్చిందా పిచ్చుకా?" అన్నాడు. "వచ్చింది, వదిన చేత ఏడేళ్ళు అబద్ధం ఆడించావు" అన్నాను. "నాకూ వచ్చిందే, నా చేతి మీద" అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. నువ్వు అడుగుతావని రాస్తున్నాను, ఆఫీసులో కాదు, ఇంట్లోనే.

డిజైనర్ ఆ వీడియో పంపింది. ముప్పై సెకన్లు. ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. నీ చేతులు తోలు మీద ఆగిన చోట ఆగినట్టే ఉన్నాయి. వెనక అన్నయ్య నడుము దాకా కనబడుతున్నాడు. కట్టు కట్టిన వేలు ఇంకో చేత్తో పట్టుకుని, నువ్వు వేసే కుట్లు పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. ఆ లెక్కపెట్టడం నాకు తెలుసు. నా టైరు చెప్పు కుట్టినప్పుడూ అలాగే లెక్కపెట్టాడు. వీడియో కోయవద్దని, అన్నయ్య కూడా కనబడాలని చెప్పాను.

నాలుగో ప్రశ్నకు నేను పంపిన జవాబు వెనక్కి తీసుకున్నాను. డిజైనర్ ఏమందో తెలుసా? "నేను ముందే కొట్టేశాను మేడమ్, చూసి వచ్చాను కదా" అంది. ప్రశ్నలతో ప్రాణం తీసేవాళ్ళు ఊరికే ఉండరు. కొత్త జవాబు ఇది: "నడక చూసేది ఆయన. బూటు చేసేది ఆవిడ. ఏడేళ్ళుగా ఆవిడ చేసినవి వేసుకుని నడుస్తున్నాను కాబట్టి చెబుతున్నాను." కింద ఇద్దరి పేర్లూ పక్కపక్కన, ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. టైరు కథ ఉంచాను, చివరి వాక్యం తీసేశాను. వెబ్‌సైట్ చిరునామా ఇద్దరి పేరుమీదా తీసుకున్నాం, సంతకానికి కాగితాలు వస్తాయి. అన్నయ్య సంతకం వంకరగా వచ్చినా వాళ్ళకు అభ్యంతరం లేదని కనుక్కున్నాను. ఫోన్ నంబరు మొదటి పేజీలో పైనే ఉంది, అరచేయంత. వీడియో కూడా నొక్కితేనే కదులుతుంది, ఇంకేదీ కదలదు. రేపు మార్పులు నువ్వే చేస్తానన్నావు కాబట్టి ఆ పిల్ల రెండు పూటలు నేర్పుతుంది.

దీంతో పాటు మడిచి పంపిన కాగితం చూడు. కొత్త జతకు ఇంకా వేళ కాలేదు, తెలుసు. అచ్చు సరిచేసుకుంటావని పంపుతున్నాను. నువ్వు రాసిన పేజీ ఎదురుగా పెట్టుకుని, మధ్యాహ్నం, గట్టి నేల మీద, రెండు కాళ్ళ మీదా నిటారుగా నిలబడ్డాను. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని గీశాడు. పెళ్ళై పంతొమ్మిదేళ్ళయింది, పగటి వెలుతురులో నా ఎడమపాదం ఆయన చూడటం ఇదే మొదటిసారి. గీయడం పూర్తయ్యాక తలెత్తి "ఇంతేనా?" అన్నాడు. "ఇంతే" అన్నాను.

ఇన్నాళ్ళూ కవరు మీద అన్నయ్య పేరు రాసేదాన్ని. ఈసారి నీ పేరు రాశాను. ఎడమ గీత ఎప్పటికంటే వెడల్పుగా ఉందని కంగారుపడకు, నా పాదం అంతే ఉంటుంది. ఈసారి అరగోరు కలపకు.

పిచ్చుక